ముట్టుకుంటే అలారం మోగును

తాళాలాయనకు ఒక అలవాటుంది. ఎవరింట్లోనైనా బీరువా తాళంచెవి పోయి, కబురొచ్చి, ఈయన వెళ్ళి ఆ తాళం తీశాడనుకోండి. లోపల మీట జారి 'టక్'మన్న చప్పుడు వినబడగానే చేతిలోని ఇనపపుల్లలు కిందపెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, మొహం గోడవైపు తిప్పుకుంటాడు. "మీ బీరువా, మీరు తీసుకోండమ్మా" అంటాడు. తలుపు లాగాల్సింది ఇంటివాళ్ళే. లోపల బంగారముందో, చిరిగిన బొంతలున్నాయో ఆయనకు అనవసరం. తాళం తీసినా లోపలున్నది చెక్కుచెదరకూడదు, తీసినవాడి కంట పడకూడదు, ఇదీ ఆయన సిద్ధాంతం. ఆ వీధిలో ఈ సిద్ధాంతం వినకుండా తప్పించుకున్న మనిషి లేడు. ఆయన భార్య అయితే వినీ వినీ, ఇప్పుడు వినబడనట్టు ఉండడం కూడా నేర్చుకుంది.

తాళాలతోపాటు ఆయన ఇంకో సరుకు కూడా అమ్ముతాడు. పసుపుపచ్చ కాగితం మీద ఎర్రటి అక్షరాలతో 'ముట్టుకుంటే అలారం మోగును' అని అచ్చువేయించిన స్టిక్కర్లు. షాపుల వాళ్ళు వాటిని కొనుక్కెళ్ళి షట్టర్లకి అంటించుకుంటారు. అలారం లేదు, గిలారం లేదు. ఉన్నదల్లా స్టిక్కరే. "దొంగకి చదువొస్తే చాలు, పనిచేస్తుంది" అని నవ్వుతాడాయన. ఈ స్టిక్కర్లే తన కొంప ముంచుతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఇంటి ముందుగదే ఆయన షాపు. గోడనిండా మేకులు, మేకులనిండా తాళంచెవులు, మధ్యలో పెద్ద చెక్కబల్ల, బల్ల చివర తాళంచెవులు కోసే యంత్రం. ఆ యంత్రానికి ఏ గాడి ఎంత లోతు కొయ్యాలో చెప్పడానికి పక్కన ఒక ముసలి కంప్యూటరుండేది. ఒకరోజు పొద్దున మీట నొక్కితే అది మూలిగిందీ లేదు, ముక్కిందీ లేదు. రేడియోలు, కంప్యూటర్లు బాగుచేసే స్నేహితుడు ఒకాయన ఉన్నాడు. మనిషి నిట్టనిలువుగా ఉంటాడు కాబట్టి అందరూ పొడుగాయన అంటారు. ఆయన వచ్చి, మూత విప్పి, వాసన చూసి, మూత పెట్టేశాడు.

"ఇక లేవదు" అన్నాడు. "దీన్ని వదిలెయ్యి."

"మరి నా యంత్రం?"

"యంత్రానికేం, బ్రహ్మాండంగా ఉంది. దాన్ని ఆడించే ప్రోగ్రాముతోనే చిక్కు. అది లినక్స్ మీద తప్ప నడవదు. మీ ఇంట్లో ఆ చిట్టిపెట్టె ఉందిగా, అందులో లినక్స్ ఎక్కించుకో."

చిట్టిపెట్టె అంటే అరచేతికి కాస్త పెద్దదిగా ఉండే పరికరం. పైన తెర, పక్కకి జరిపితే కిందనుంచి బుల్లి కీబోర్డు బయటికొస్తుంది. ఎవరో వాడి అమ్మేసినదాన్ని ఇంటికి పనికొస్తుందని మొగుడూ పెళ్ళాలు కలిసి కొనుక్కున్నారు. అందులో నడిచేది ఆండ్రాయిడ్.

"మరి ఆండ్రాయిడ్ పోతుందా?"

"ఎందుకు పోతుందయ్యా! ఇద్దరిదీ ఒకే వంశం. వంటలే వేరు. పెట్టెలో ఉన్న చోటుని రెండు వాటాలు చేస్తాం. ఒక వాటాలో ఆండ్రాయిడ్, ఒక వాటాలో లినక్స్. పెట్టె తెరిచినప్పుడు ఎవరింటికి పోతారని అదే అడుగుతుంది. నువ్వు చెప్పిన ఇంటికి తీసుకుపోతుంది" అన్నాడు పొడుగాయన. అని, చూపుడువేలెత్తి, "ముందు అందులో ఉన్న ముఖ్యమైనవన్నీ బయటికి తీసి దాచుకో. తెరమీద ఏం వచ్చినా పూర్తిగా చదివి నొక్కు. చదివి!" అన్నాడు.

తనకు చదవడం రాదన్నట్టు చెప్పినందుకు తాళాలాయనకు కొంచెం గుచ్చుకుంది. అయినా తలూపాడు.

ఆ సాయంత్రం భార్య దగ్గర విషయం కదిపాడు. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. అద్దాలని ఫ్రేముకి సరిపోయేలా అరగదీసి కూర్చడం ఆవిడ పని. వెంట్రుకవాసి తేడా కూడా ఊరుకోని మనిషి. చిట్టిపెట్టెని ఒళ్ళో పెట్టుకుని, తెరమీద నుంచి కళ్ళెత్తకుండానే అంతా విన్నది.

"మీకిష్టమొచ్చింది చేసుకోండి. నా చదరంగం ఆట జోలికి మాత్రం రాకండి" అంది.

"నీ ఆటని నేనెందుకు ముట్టుకుంటాను?"

"ముట్టుకోరనే నమ్మకంతోనే ఒప్పుకుంటున్నా. ఈసారి నేను గెలుస్తున్నాను. తెలుసా? మీ అక్క రాజు మూలకి చేరాడు. ఇంకో నాలుగెత్తులు, లేదంటే అయిదు. అంతే."

ఆ మాట అంటుంటే ఆవిడ మొహంలో వెలుగు చూసి తాళాలాయన మురిసిపోయాడు. మురిసిపోవాల్సిందే మరి. ఆ ఆట సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తాళాలాయనకి ఒక అక్క ఉంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది, కానీ నోరే ముందు నడుస్తుంది. కొన్నేళ్ళ కింద ఆవిడ ఇంట్లో అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు తమ్ముడి సంగతి వచ్చింది. "శుభ్రంగా ఉన్న కంపెనీ ఉద్యోగం మానేసి తాళాలు రుద్దుకుంటున్నాడు. సరైన పెళ్ళామైతే మాననిచ్చేదా?" అనేసింది అక్క. భార్య కంచం ముందు నుంచి లేచింది. చెయ్యి కడుక్కుంది. చెప్పులేసుకుంది. ఇంకా ముద్ద నోట్లోనే ఉన్న తాళాలాయన కూడా లేవాల్సొచ్చింది. ఆ సగం భోజనం ఆయనకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. ఆనాటినుంచి వదినా మరదళ్ళకి మాటల్లేవు. "అన్నం మధ్యలో లేచిపోయిన మనిషి" అని ఆవిడా, "అన్నం పెట్టి అవమానించిన మనిషి" అని ఈవిడా బిగుసుకు కూర్చున్నారు. అక్కకి ఫోన్ చేసేదీ, వెళ్ళి చూసొచ్చేదీ తాళాలాయన ఒక్కడే.

ఒకసారి అలా వెళ్ళినప్పుడు అక్క ఒక కోడ్ చెప్పింది. "నా ఫోన్లో చదరంగం పెట్టుకున్నానురా. ఆడేవాళ్ళు లేరు. ఎవరైనా ఉంటే ఈ కోడ్ ఇవ్వు. ఎవరైనా సరే" అంది. ఆ 'ఎవరైనా' అన్నప్పుడు గోడవైపు చూసింది. తాళాలాయన ఆ కోడ్‌ని తాళంచెవికి కట్టే అట్టముక్క మీద రాసి, ఇంటికొచ్చి, భార్యకి కనబడేచోట వదిలేసి తన పని చూసుకున్నాడు. అంతే. మర్నాటినుంచి చిట్టిపెట్టెలో చదరంగం మొదలైంది.

ఆ ఆటలో ఖాతాలూ, అసలు పేర్లూ ఉండవు. ముద్దుపేర్లే. అక్క 'ఉడుత', భార్య 'నిమ్మకాయ'. రోజుకి ఒకటో రెండో ఎత్తులు. మాటల్లేవు గానీ ఎత్తులున్నాయి. ఎదురుగా ఉన్నదెవరో ఇద్దరికీ తెలుసు. తెలియనట్టే ఇద్దరూ ఆడతారు. పైగా ఆ ఎత్తుల్లోంచి భార్యకి వదినగారి ఆనుపానులన్నీ అందుతాయి. "మీ అక్కింటికి ఎవరో చుట్టాలొచ్చారు. మధ్యాహ్నం దాకా ఎత్తు లేదు" అంటుంది. "ఒంట్లో బాగున్నట్టు లేదండీ, గుర్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పుతోంది. ఒకసారి ఫోన్ చెయ్యండి" అంటుంది. ఆయన చేస్తే నిజంగానే అక్కకి జ్వరం. ఇన్ని ఆటల్లో ఈవిడ ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడిన ప్రతిసారీ ఒక పూట అలిగి, మళ్ళీ కొత్త ఆట మొదలుపెట్టేది.

కాబట్టి ఆ ఆట జోలికి రానని తాళాలాయన మాటివ్వడం చిన్న విషయం కాదు. ఆయన మనస్ఫూర్తిగానే ఇచ్చాడు.

మర్నాడు భార్య పొద్దున్నే తన ఎత్తు వేసేసి, పెట్టెని ఆయన చేతిలో పెట్టి పనికి వెళ్ళింది. తాళాలాయన షాపు తలుపు ఓరగా వేసుకున్నాడు. పొడుగాయన దగ్గర పూటకోసం అరువు తెచ్చిన ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టాడు. పెట్టెలోని ఫొటోలన్నిటినీ బుద్ధిగా మెమరీ కార్డులోకి ఎక్కించి, కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఆట మాత్రం ఫొటోల్లాగా బయటికి తీయడానికి కుదరలేదు. 'పోనీలే, దాన్ని మనం ముట్టుకోవడం లేదుగా' అనుకున్నాడు.

తర్వాత అసలు పని. పొడుగాయన చెప్పినదాని ప్రకారం ఇలాంటి పెట్టెలన్నిటికీ గుమ్మంలోనే ఒక తాళం ఉంటుంది. కంపెనీ వాళ్ళు వేసి పంపుతారు. దాని పేరు బూట్‌లోడర్. అది తీస్తే తప్ప రెండోవాడిని లోపలికి రానివ్వదు. తాళం అన్న మాట చెవిన పడగానే తాళాలాయనకి ప్రాణం లేచొచ్చింది. జీవితమంతా చేసిన పనే కదా! వైరు కలిపాడు, చెప్పిన ఆజ్ఞ ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. పెట్టె తెర నల్లబడి, దానిమీద ఒక హెచ్చరిక వచ్చింది. ఈ తాళం తీస్తే ఇందులో ఉన్న సమాచారమంతా చెరిగిపోతుంది, తీయమంటారా, వద్దంటారా?

చదివి నొక్కమన్నాడు పొడుగాయన. తాళాలాయన చదివాడు. ఆ మాటకొస్తే రెండుసార్లు చదివాడు. చదివి, నవ్వాడు.

"ఓహో, మీరూ అంటించారా స్టిక్కరు!" అన్నాడు పెట్టెతో.

తాళం తీస్తే సామాను మాయమయ్యే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఆయన ఎన్ని బీరువాలు తీశాడు, ఎన్ని ఇనపపెట్టెలు తీశాడు! 'బలవంతంగా తెరిచినచో' అని మొదలయ్యే బెదిరింపులు ఎన్ని చూశాడు! అందులో సగం తను అమ్మినవే. దొంగల కోసం రాసినదాన్ని చూసి ఇంటివాళ్ళు భయపడితే ఎట్లా? పైగా ఇది తన పెట్టె, తన తాళం. తాళాలాయన వేలితో 'తీయండి' అన్నచోట హాయిగా నొక్కాడు. అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు కూడా.

మళ్ళీ ఇటు తిరిగేసరికి పెట్టె నమస్కారం పెడుతోంది. స్వాగతమట. మీ భాష ఎంచుకోమంటోంది. మీ పేరేమిటని అడుగుతోంది. నిన్నటిదాకా తన ఇంట్లో, తన భార్య ఒళ్ళో ఉన్న పెట్టె ఇప్పుడే పుట్టినదానిలా ఆయన మొహంలోకి చూస్తోంది.

తాళాలాయన గబగబా అడిగినవన్నీ చెప్పి లోపలికి వెళ్ళి చూశాడు. ఖాళీ. ఫొటోలు జేబులో ఉన్నాయి గానీ చదరంగం లేదు. దాన్ని వెతికి మళ్ళీ ఎక్కించాడు. తెరిస్తే తెల్లటి గళ్ళూ నల్లటి గళ్ళూ, ఒక్క పావు లేదు. ఎదుటివారి కోడ్ కొట్టమంది. అట్టముక్క మీది పాత కోడ్ గుర్తుచేసుకుని కొట్టాడు. 'ఈ కోడ్ వాడబడినది. కొత్త కోడ్ కోసం మీ స్నేహితులను అడగండి' అంది. కింద సన్నటి అక్షరాలతో ఇంకో ముక్క కూడా ఉంది. ఒకరు ఆటని తీసేస్తే, 'ఎదుటివారు ఆట మధ్యలో వదిలి వెళ్ళిపోయారు' అని రెండోవారికి కబురు వెళ్ళి, వాళ్ళ దగ్గరా ఆ ఆట చెరిగిపోతుందట.

ఆ ముక్క చదివి బల్ల ముందు కూలబడ్డాడు. మధ్యలో వదిలి వెళ్ళిపోయారు! ఏ మాట మీద ఇన్నేళ్ళుగా ఇద్దరూ బిగుసుకు కూర్చున్నారో, సరిగ్గా ఆ మాటే ఇప్పుడు అక్క ఫోన్ తెరమీద పడి ఉంటుంది. అన్నం మధ్యలో లేచిపోయిన మనిషి ఆట మధ్యలో కూడా లేచిపోయిందని అక్క అనుకుంటుంది. ఇక ఆ కాస్త దారి కూడా మూసుకుపోయినట్టే. మూసింది ఎవరు? సాక్షాత్తూ తాళాలు తెరిచే మహానుభావుడు.

మనిషన్నాక దొంగబుద్ధి పుట్టకుండా ఉండదు. అక్కకి ఫోన్ చేసి, కొత్త కోడ్ తీసుకుని, సాయంత్రం భార్యతో 'ఏదో అప్‌డేట్ వచ్చి ఆట చెడిపోయిందట, ఇదిగో కొత్తది' అనేస్తే సరి. తన మామూలు ఫోను తీశాడు. అక్క నంబరు నొక్కాడు. అవతల ఒక్కసారి మోగిందో లేదో కోసేశాడు. ఎందుకు కోశాడో తనకే తెలియలేదు. ఆ ఇద్దరి మధ్యా ఏముందో, ఇన్నాళ్ళూ ఆ ఎత్తులతో ఏం చెప్పుకున్నారో ఆయన ఎప్పుడూ తొంగి చూడలేదు. తలుపు తెరిచి పక్కకి తప్పుకున్నాడు, అంతే. ఇప్పుడు వెళ్ళి లోపల చెయ్యి పెట్టి అబద్ధాలు సర్దడం ఆయన చేతకాలేదు.

చేసిన ఘనకార్యం ఎలాగూ చేశాను, పనైనా పూర్తిచేద్దామనుకున్నాడు. పెట్టెని రెండు వాటాలు చేశాడు. ఒక వాటాలో లినక్స్ ఎక్కించాడు. అది ఎక్కుతున్నంతసేపూ తెరమీద అక్షరాలు చీమలబారులా పాకుతుంటే, బితుకుబితుకుమంటూ వాటివంకే చూస్తూ కూర్చున్నాడు. చివరికి పెట్టె ఆరి, వెలిగి, పొడుగాయన చెప్పినట్టే రెండు పేర్లు చూపించి ఎటు పోదామని అడిగింది. లినక్స్ అన్నాడు. వెళ్ళింది. ప్రోగ్రాము తెరిచాడు. తెరుచుకుంది. యంత్రానికి వైరు కలిపి, పరీక్ష కోసం తన వీధితలుపు తాళంచెవి కొలతలిచ్చి, గాడి పడని కొత్త ఇత్తడి చెవి బిగించి మీట నొక్కాడు. యంత్రం గురగురమంటూ కదిలింది. బంగారంలాంటి రజను రాలింది. కోసిన తాళంచెవిని తీసుకెళ్ళి వీధితలుపులో తిప్పితే వెన్నలోకి దిగినట్టు దిగింది.

వేరే రోజైతే ఆ తాళంచెవిని వీధివీధంతా చూపించి వచ్చేవాడు. ఆవేళ తాళంచెవిని బల్ల మీద పెట్టి, భార్య కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ వచ్చింది. చెప్పులు విడిచింది. మొగుడి మొహం చూసింది.

"ఏమైంది?"

దాచలేదు. స్టిక్కరు సంగతితో సహా మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. తను నవ్విన నవ్వు కూడా చెప్పాడు. ఆవిడ కళ్ళజోడు తీసి, పమిటకొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచింది. ఆ అద్దాల మీద దుమ్మేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

"అంటే చదివారు" అంది.

"చదివాను."

"అన్నీ పోతాయని తెలిసి నొక్కారు."

"తెలిసి కాదు. నమ్మక నొక్కాను."

"గెలిచే ఆటండీ!" అంది. "ఇన్నాళ్ళకి ఒక్కటంటే ఒక్క ఆట! పోనీ అదైనా పోతే పోయింది. ఆవిడ ఏమనుకుంటుంది? నేను లేచి వెళ్ళిపోయాననుకుంటుంది. మళ్ళీ."

"నేను అక్కకి ఫోన్ చేసి తప్పు నాదని చెప్తాను. కొత్త కోడ్ అడుగుతాను."

"మీరు చెబితే ఏముంది, పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడంటుంది. లేచి వెళ్ళిపోలేదని నేను చెప్పాలి." ఆవిడ చెయ్యి చాచింది. "ఇలా ఇవ్వండి ఫోను."

తాళాలాయన నంబరు నొక్కి ఇచ్చాడు. అవతల మొదటి మోతకే ఎత్తారు. నంబరు తమ్ముడిది కాబట్టి మాట్లాడేదీ తమ్ముడే అనుకుంది అక్క. ఆవిడ గొంతు ఫోన్లోంచి గదంతా వినబడుతుంది.

"ఏరా, మధ్యాహ్నం మోగించి కోసేశావేంట్రా? మరదలికి ఎలా ఉంది? నిజం చెప్పు, నా దగ్గర దాచకు. ఏదో అయింది కదూ? ఆట వదిలి వెళ్ళిపోయారని వచ్చిందిరా తెరమీద. అది చూసినప్పటినుంచీ కాళ్ళూ చేతులూ ఆడడంలేదు. గెలిచే ఆట వదిలేసి ఎవరైనా పోతారా? పడిపోయిందా? ఆస్పత్రిలో ఉందా? మాట్లాడవేంట్రా!"

భార్య గోడ మీది తాళంచెవులు చూసింది, మొగుణ్ణి చూసింది. తర్వాత ఒక్క ఊపిరిలో అంది.

"వదినా, నేనే. బాగానే ఉన్నాను. నేను లేచి వెళ్ళలేదు వదినా."

అవతల నిశ్శబ్దం. ఆ అక్క నోరు అంతసేపు మూతపడి ఉండడం తాళాలాయన పుట్టిన తర్వాత ఎరగడు.

"బతికించావు తల్లీ" అంది చివరికి అక్క. ఏడుస్తోందని తెలిసిపోతూనే ఉంది. "మరి ఏమైందే?"

"మీ తమ్ముడు."

"ఆ ముక్క ముందే చెప్పొద్దూ!"

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. నవ్వుతూనే భార్య కళ్ళు తుడుచుకుంది. తన మూర్ఖత్వం ఆ ఇద్దరినీ ఒక జట్టు చేస్తుంటే తాళాలాయనకి అంత సుఖం ఎన్నడూ కలగలేదు. ఇంకో నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. తిట్టారు కూడా. స్టిక్కరు కథ విని అక్క మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకుంది.

"ఆ రోజు నేను అన్నమాట..." అని అక్క నెమ్మదిగా ఎత్తుకోబోయింది.

"అది తర్వాత చూద్దాం వదినా. ముందు మీ రాజు ఎక్కడున్నాడో చెప్పండి. ఆట పోనివ్వను నేను."

ఆకురాయి పళ్ళలో రజను ఇరుక్కోకుండా రుద్దడానికి బల్ల మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉంటుంది. భార్య ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఆ సుద్దతో బల్ల మీద గళ్ళు గీసింది. గీతలు ఆవిడ అద్దాల పనంత నిక్కచ్చిగా వచ్చాయి. గోడ మీది తాళంచెవులు దింపమని మొగుడికి సైగ చేసింది. ఇత్తడివి తనవి, ఇనపవి వదినవి. బీరువా తాళంచెవులు రాజులు, కారు తాళంచెవులు గుర్రాలు, బుల్లి సూట్‌కేసు తాళంచెవులు బంట్లు. ఇక మొదలైంది చూడండి తగువు.

"నీ గుర్రం అక్కడ కాదు, దాని పక్క గడిలో."

"కాదు వదినా, మొన్న సాయంత్రం మీరు మంత్రిని జరిపాకే నేను దాన్ని ఇటు దూకించాను."

"అవునవును. దూకించావు. ఆ రాత్రి అన్నం సయించలేదు నాకు."

ఏ పావు ఏ రోజు ఎందుకు కదిలిందో ఇద్దరికీ కంఠతా ఉంది. చిట్టిపెట్టెలో చెరిగిపోయినదంతా వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. ఒక్కొక్క తాళంచెవీ దాని గడిలోకి చేరింది. చివరికి బల్లంతా చూసుకుని భార్య నుదురు చిట్లించింది.

"వదినా, పావులన్నీ పెట్టేశాననుకుంటా. కానీ నేను గెలిచే దారి కనబడడం లేదే! పొద్దున కనబడింది. మీ రాజు పక్కకి తప్పుకుంటున్నాడిప్పుడు."

అక్క ఏమీ అనకపోతే ఆ ఆట తనదే. చెప్పేవాళ్ళెవరూ లేరు. పెట్టెలో లేదు, అట్టముక్క మీద లేదు, భార్యకి గుర్తు లేదు.

"నీ ఏనుగేదే?" అంది అక్క.

"ఏనుగా?"

"ఎడమచేతి వైపు, ఆ చివర. నాలుగు రోజులుగా కదలకుండా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది కదే! అది లేకపోతే నేను తప్పించుకుపోతాను. పెట్టు, పెట్టు. దాన్ని పెట్టాకే మాట్లాడు."

భార్య కన్నీళ్ళు టపటపా బల్ల మీద పడి రెండు గళ్ళు చెరిగాయి. తాళాలాయన అప్పటికే రెండడుగులు వెనక్కి వేసి మొహం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు.

"ఏమండీ" అంది వెనకనుంచి. "ఇటు తిరగండి. ఇత్తడిది ఇంకొకటి కావాలి. ఏనుగుకి."

దింపిన ఇత్తడివన్నీ అయిపోయాయి. బల్ల చివర మధ్యాహ్నం కోసిన వీధితలుపు తాళంచెవి ఒక్కటే మిగిలింది. తాళాలాయన దాన్నే తీసి ఆవిడ చూపించిన గడిలో పెట్టాడు. పెట్టగానే ఆవిడ మొహం విప్పారింది. అక్క రాజుకి ఇక దారి లేదు.

"కనబడిందా?" అంది అక్క.

"కనబడింది వదినా."

"అయితే ఇప్పుడు ఆడకు. ఫోన్లో ఓడిపోవడం నాకిష్టం లేదు. ఆదివారం నేనే వస్తాను. ఎదురుగా కూర్చుని ఓడిపోతాను. భోజనం కూడా అక్కడే. ఎవరూ మధ్యలో లేవకూడదు, చెప్తున్నా. అంతవరకూ ఆ బల్ల ఎవ్వరూ ముట్టుకోకండి. ముఖ్యంగా వాడు."

మర్నాడు పొద్దున షాపు తెరవగానే తాళాలాయనకి ఇబ్బంది ఎదురైంది. నమూనా తాళంచెవుల్లో సగం బల్ల మీద యుద్ధంలో ఉన్నాయి. వచ్చినవాళ్ళు బల్ల మీద చెయ్యి ఆనిస్తే ఆయన ప్రాణం పోతోంది. చిట్టిపెట్టెని యంత్రానికి తగిలించి, లినక్స్‌లోకి వెళ్ళి, కిటికీ గట్టు మీద సర్దుకుని పనిచేసుకున్నాడు. పని బ్రహ్మాండంగా సాగింది. మధ్యలో లేచి, డ్రాయరు లాగి, పసుపుపచ్చ స్టిక్కరొకటి తీసి బల్ల అంచుకి అంటించాడు.

పనికి బయల్దేరుతూ భార్య అది చూసింది. ఎర్రటి అక్షరాలని వేలితో ఒత్తి, అంచులు లేవకుండా సరిచేసింది.

"ఇది నిజం స్టిక్కరు" అంది. "ఈసారి చదివి నమ్మండి."